బస్సుకు పెట్టిన అన్నం

మా ఊరికి రాత్రి హాల్టు బస్సు ఉండేది. సాయంత్రం ఏడున్నరకు మార్కాపురం నుంచి వచ్చి పంచాయతీ ఆఫీసు ముందర ఆగేది. డ్రైవరూ కండక్టరూ ఆ ఆఫీసు వరండాలోనే పడుకునేవాళ్లు. తెల్లవారి ఐదు ముప్పావుకు అదే బస్సు తిరిగి బయలుదేరేది. పల్లెల్లో పుట్టినవాళ్లకు ఇదేం కొత్త సంగతి కాదు. ఆ ఇద్దరికీ రాత్రి అన్నం ఊరే పెట్టాలన్నదీ కొత్త కాదు. ఏ కాగితంలోనూ రాసి ఉండదు గాని, బస్సు నిలవాలంటే అన్నం పెట్టాలని అందరికీ తెలుసు. ఊళ్లో ఇండ్లన్నీ వంతులు వేసుకొని పెట్టేవి.

ఇండ్లన్నీ అన్నాను గాని అది నిజం కాదు. మా ఐదు ఇండ్లకు వంతు లేదు. మేం దూదేకులవాళ్లం, అంటే దూది ఏకే సాయిబులం. మా నాయన పరుపులు కుట్టేవాడు. ఊళ్లో సగం మంది ఆయన ఏకిన దూది మీదే పడుకునేవాళ్లు. ఆ దూది మీద వాళ్లకు నిద్ర బాగానే పట్టేది గాని, బస్సు వాళ్లకు ఒక పూట మా ఇంటి నుంచి కూడా అన్నం పోవచ్చునని ఎవరికీ తోచలేదు. వద్దని ఎవరూ అనలేదు. అడగలేదు, అంతే. అడగందే అమ్మైనా పెట్టదంటారు. పెడతామని కూడా మేమే పోయి అడుక్కోవాలా అని నాకు చిన్నప్పటి నుంచీ మంట.

ఒంగోలులో మేనత్త ఇంట్లో ఉండి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివాను. మార్కాపురంలో ఒక చిన్న ల్యాబులో పని దొరికింది. పరగడుపున రక్తం ఇవ్వాల్సినవాళ్లు పొద్దున్నే వచ్చి కూర్చుంటారు. అందులో ముసలివాళ్లు, షుగరు ఉన్నవాళ్లు, చుట్టుపక్కల పల్లెల నుంచి మోకాళ్లు పట్టుకొని కుంటుతూ వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్లను తొమ్మిది దాకా కాఫీ చుక్క లేకుండా కూర్చోబెట్టలేం. అందుకని ఏడింటికల్లా సూది పట్టుకొని ఒక మనిషి నిలబడి ఉండాలి. ల్యాబు యజమాని నాతో పెట్టుకున్న ఒప్పందం అదొక్కటే.

పోతానని మా నాయనను అడిగాను. మూడో రోజు పరుపు కుడుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"ఆటోలో అయితే పంపను. ముందర సీట్లో డ్రైవరు పక్కన ఇరికించి కూసోబెడతారు. బస్సయితే పో. మనూళ్లో పండుకునే బస్సు, మనూరి బస్సే గదా."

నా ఉద్యోగానికి అనుమతి ఇచ్చింది మా నాయన కాదు, ఆ బస్సు. బస్సు లేకపోతే నా సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో పడి ఉండేది. మార్కాపురంలోనే గది తీసుకొని ఉండొచ్చు గదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. పెళ్లికాని ఆడపిల్లకు గది ఎవరిస్తారు? అందులోనూ పేరేమని అడిగి, చెప్పాక, చుట్టాలెవరో వస్తున్నారని తలుపు దగ్గరికి వేసిన ఇండ్లు మా మేనత్తకే నాలుగు తెలుసు.

ఆ తెల్లవారి బస్సులో రైతుల ఇండ్ల వాళ్లు ఎక్కేది తక్కువ. అప్పటికే వాళ్లకు మోటారు సైకిళ్లు వచ్చేశాయి. రోజూ ఎక్కేది మేం నలుగురమే. నేను, మా పక్కింటి చిన్నమ్మ, తండా నుంచి నడిచొచ్చే ఇద్దరు లంబాడీ అక్కలు. చిన్నమ్మ భర్త చనిపోయినామె, పలకల ఫ్యాక్టరీలో పలకలు ఏరి కట్టలు కట్టే పని. అక్కలిద్దరూ ఒక ఆస్పత్రిలో ఊడ్చి తుడిచేవాళ్లు. నలుగురం ముందర రెండు సీట్లలో కూర్చునేవాళ్లం. చిన్నమ్మ ఎక్కగానే నిద్రపోయేది. ఊరి పొలిమేర దాటకముందే ఆమె తల నా భుజం మీద ఉండేది. ఆ బరువు నాకు ఇష్టంగా ఉండేది.

మోటారు సైకిళ్లు వచ్చాక వంతులు సడలాయి. బస్సు ఎక్కనివాళ్లకు బస్సువాళ్ల ఆకలి ఏం పడుతుంది? మొదట కొన్ని ఇండ్లు మానేశాయి, ఆ తరువాత వాటిని చూసి తక్కిన ఇండ్లు మానేశాయి. ఒక సాయంత్రం నేను బస్సు దిగుతుంటే కండక్టరు దుకాణంలో బిస్కెట్ ప్యాకెట్లు కొంటున్నాడు. డ్రైవరు వరండాలో కూర్చొని నాతో అన్నాడు.

"అన్నం లేని ఊరికి ఎవరూ డ్యూటీ ఎక్కరమ్మా. నేనూ మార్పించుకుంటా. ఇట్లయితే ఈ హాల్టు ఎన్నాళ్లో ఉండదు."

ఇంటికొచ్చి ఆ మాట అమ్మకు చెప్పాను. అమ్మ జొన్నరొట్టె తడుతోంది. చేయి ఆపకుండానే అంది.

"ఇద్దురి అన్నానికి బస్సు పోతాదా? రేపట్నించి నేను పెడతా. వంతు లేదు గింతు లేదు."

మర్నాడు నాకు సెలవు. అమ్మ నాటుకోడి కోసింది. మా ఇంటికి పెద్ద చుట్టాలొస్తే తప్ప కోసేది కాదు. కూర, అన్నం, చారు క్యారియరులో సర్ది, కొంగు తల మీదికి లాక్కొని, నన్ను వెంట పెట్టుకొని పంచాయతీ ఆఫీసుకు పోయింది. ఆఫీసు మెట్ల మీద క్యారియరు విప్పింది. కోడికూర వాసన వరండా అంతా నిండింది. అప్పుడు చూశాం, డ్రైవరు ఖాకీ చొక్కా మీద కండువా ఉంది, మెడలో రుద్రాక్షలు. అంతకు ముందు రోజు లేవు. ఆ పొద్దున్నే శివమాల వేసుకున్నాడట. శ్రీశైలం పోయే మాల.

అమ్మ రెండు చెంపలూ వేసుకుంది. "తెలీక తెచ్చినా స్వామీ. తప్పయింది."

ఆయన గబుక్కున లేచి నిలబడ్డాడు. "మీరేం చేస్తారమ్మా, నేను ముందే చెప్పాల్సింది," అన్నాడు. కండక్టరు మాత్రం క్యారియరు తన వైపు జరుపుకున్నాడు. "స్వామి తినకపోతే ఏంది, నేనున్నా గదమ్మా!"

నాకు నవ్వు వచ్చింది. అమ్మకు రాలేదు. ఇంటికి గబగబా నడిచి, చాటలో ఉప్మా రవ్వ, పచ్చిమిరపకాయలు, నాలుగు అరటిపండ్లు, ఇంకా వాడని ఒక కొత్త గిన్నె పెట్టింది. ఒక ఉల్లిగడ్డ వేసింది, మళ్లీ ఆలోచించి తీసేసింది. అవన్నీ తీసుకుపోయి ఆయన ముందర పెట్టింది. "మేం వండింది తినొద్దులే స్వామీ. నువ్వే వండుకో," అంది. ఆయన మూడు రాళ్లు పెట్టి, పుల్లలు ఏరుకొచ్చి వండుకున్నాడు. మాల తీసేదాకా అమ్మ రోజూ అట్లాగే పంపింది.

ఇది అమ్మకు ఎట్లా తెలుసని మీరు అడగొచ్చు. మా నాయన దూది ఏకడానికి గిద్దలూరు దాకా ఊరూరూ తిరిగినప్పుడు, కొన్ని ఇండ్లలో ఆయనకు వండిన అన్నం పెట్టేవాళ్లు కాదు. బియ్యం, పప్పు చాటలో పోసి ఇచ్చేవాళ్లు. ఆయన బావి దగ్గర రాళ్లు పెట్టుకొని వండుకునేవాడు. స్వయంపాకం అంటే మర్యాదే. కానీ అన్ని చోట్లా మర్యాదతోనే ఇవ్వలేదని ఆయనకు తెలుసు, మాకు తెలుసు. అమ్మ అందులోంచి మర్యాదను మాత్రమే తీసుకుంది. నేనైతే తీసుకోలేకపోయేదాన్ని.

మాల తీసేశాక ఆ డ్రైవరు మా ఇంటి అన్నం తిన్నాడు. డ్యూటీ మార్పించుకోలేదు. నాలుగేండ్లు అమ్మ ఒక్కతే ఇద్దరికి వండి పంపింది. వర్షమొచ్చినా, ఇంట్లో బియ్యం అడుగంటినా పంపింది. మా నాయన చనిపోయి అమ్మ గడప దాటకూడని నాలుగు నెలల పది రోజులూ, ఆమె లోపల వండితే నేనో చిన్నమ్మో తీసుకుపోయేవాళ్లం. ఊళ్లో కొందరు, "బస్సు వాళ్లింటిదయిపోయింది," అని ఎగతాళి చేసేవాళ్లు. అన్నవాళ్లలో ఒక్కరు కూడా ఒక ముద్ద తెచ్చింది లేదు.

ఆ నాలుగేండ్లలో నా చేతికి పేరొచ్చింది. దొరకని నరాలు కూడా నాకు దొరికేవి. కనిగిరి వైపు నుంచి వచ్చే ఒక ముసలామె, "ఆ పాప ఉంటేనే రక్తమిస్తా," అని కూర్చునేది. నా పేరు ఆమెకు నోరు తిరిగేది కాదు. ఆ పిలుపు కోసమే నేను బతుకుతున్నానా అనిపించేది కొన్ని రోజులు.

ఇక చెప్పాల్సింది ఆ మూడు రోజుల సంగతి.

రంజాను, ఒక్కపొద్దుల నెల. ఎండాకాలం. మా దగ్గర ఆ రోజుల్లో గాలి కూడా కాల్తుంది. అమ్మకు జ్వరమొచ్చి పడుకుంది. నేను తెల్లవారుజామున లేచి రెండు ముద్దలు తిని బస్సెక్కి, రోజంతా మంచినీళ్లు లేకుండా నిలబడి, సాయంత్రం అదే బస్సులో వచ్చాను. మొదటి రోజు నిజంగా చేతకాలేదు. బస్సులోనే ఖర్జూరం నోట్లో వేసుకొని, నీళ్లు తాగి, ఇంటికొచ్చి నమాజు చేసిన చోటే ఒరిగిపోయాను. రెండో రోజు వండగలిగేదాన్నే, కానీ అమ్మకు గంజి కాచేసరికి ఓపిక అయిపోయింది. మూడో రోజు చేయగలిగి కూడా చేయలేదు.

అమ్మ మంచంలోంచి అంది. "రెండు పిడికిళ్లు బియ్యం ఎక్కువ పొయ్యి మ్మా. వాళ్లు ఎదురుచూస్తాంటారు."

"వాళ్లేమన్నా మన చుట్టాలా? జీతం తీసుకుంటాండారు. బస్సు నడిపేది వాళ్ల పని. వాళ్లకు వండేది మన పనా? రైతుల ఇండ్లు ఇన్ని ఉండాయి, ఎవరన్నా పెట్టినారా? నాకెవరు పెడుతున్నారు మా?"

నేనన్న మాటల్లో తప్పు ఒక్కటి కూడా లేదు. ఇప్పుడు రాసి చూసుకున్నా ఒక్కటి కూడా కొట్టేయబుద్ధి కాదు. అయినా ఆ మాటలు గుర్తు చేసుకోబుద్ధీ కాదు. అమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు అమ్మ లేచి, వణుకుతూనే వండి పంపింది. ఐదో రోజు పొద్దున బస్సెక్కుతుంటే డ్రైవరు క్యారియరు నా చేతికిచ్చాడు. కడిగి, తుడిచి, గిన్నెలు వరుసగా పెట్టి ఉంది.

"ఈ సాయంత్రం నుంచి బస్సు రాదమ్మా. హాల్టు తీసేసినారు. అమ్మకు చెప్పు," అన్నాడు. నా వైపు చూడకుండా ఇంజను స్టార్టు చేశాడు.

నాకు అర్థమైంది అనుకున్నాను. ఊరికి కూడా అర్థమైంది. "అన్నం పెట్టకపోతే బస్సెట్ల నిలబడతాది?" అని దుకాణం దగ్గర అన్నవాళ్లు, ఏండ్ల కిందటే వంతు మానేసినవాళ్లు. వాళ్ల మీద మండిపడే ముఖం నాకు లేకుండా పోయింది. అమ్మ మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజు అనలేదు, ఆ తరువాత ఎప్పుడూ అనలేదు. తిట్టి ఉంటే నేను తిరిగి తిట్టేదాన్ని, ఏడ్చేదాన్ని, అయిపోయేది. ఆమె మౌనం నాతో పాటు కాపురం చేసింది.

రెండు నెలలు ప్రయత్నించాను. మా ఊరి నుంచి మెయిన్ రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు నడక. అక్కడ మొదటి ఆటో ఏడింటికి వచ్చి, నిండితే గాని కదలదు. మా నాయన ఇరికిస్తారని భయపడిన ముందు సీట్లోనే, డ్రైవరు మోచేయి తగలకుండా బ్యాగు అడ్డం పెట్టుకొని కూర్చునేదాన్ని. ల్యాబుకు చేరేసరికి ఎనిమిదిన్నర. పరగడుపున వచ్చినవాళ్లు కొందరు వేరే చోటికి పోయేవాళ్లు. కనిగిరి ముసలామె రెండు సార్లు ఎదురుచూసింది, మూడోసారి రాలేదు.

యజమాని మంచివాడే. "నీ చెయ్యి లాంటి చెయ్యి నాకు దొరకదమ్మా. కానీ ఏడింటికి మనిషి కావాలి," అన్నాడు. నా చోట్లో సొంత బండి ఉన్న ఒకాయన వచ్చాడు. పలకల ఫ్యాక్టరీ వాళ్లు చిన్నమ్మకు అది కూడా చెప్పలేదు, ఆలస్యంగా పోయినప్పుడు గేటు తీయలేదు. ఆమె మిరపకాయలు కోసే కూలికి పోయింది. తండా అక్కలు గుంటూరు వైపు ఎక్కడికో పనికి పోయారని విన్నాను. నాకు ఊళ్లోనే పెళ్లయింది. దిండ్లు, బొంతలు కుడతాను. చిన్నమ్మ ఎదురుపడితే ఆమె చేతుల వైపు చూసేదాన్ని కాదు. మిరప మంటకు ఎర్రబడి ఉండేవి.

పదేండ్లు గడిచాయి. మొన్న చిన్నమ్మ కూతురు నా కోర్సే చదివి వచ్చింది. ఆమె పుట్టిన ఇంట్లో అంత చదివిన మొదటి ఆడపిల్ల. నా పాత ల్యాబులోనే మనిషి కావాలన్నారు. పొద్దున ఏడింటికి. ఇప్పుడు మా ఊరికి మొదటి బస్సు తొమ్మిదింటికి. చిన్నమ్మ మా ఇంటికొచ్చి, గడప మీద కూర్చొని, "నాకు చేతకాకపాయె, ఆ పిల్లన్నా పోతే బాగుండు," అంది. అంతే అంది. బస్సు మళ్లీ వేయమని నేను ఆ రాత్రే అర్జీ రాశాను. సంతకాలు, వేలిముద్రలు నేనే ఇండ్లిండ్లా తిరిగి తీసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని నాకు తెలుసు. అయినా ఆ పిల్లకు బస్సు తెచ్చి పెడితే నా మూడు రోజులు మాఫీ అవుతాయని ఒక ఆశ.

డిపోకు బయలుదేరుతుంటే అమ్మ అంది. "అన్నం మనమే పెడతామని చెప్పు. నాకు చేతకాకపోయినా నువ్వుండావు గదా."

డిపోలో ఆఫీసరు అర్జీ మొత్తం చదివాడు. కసురుకోలేదు, కూర్చోమన్నాడు. నేను అమ్మ చెప్పిన మాట చెప్పాను. "స్టాఫుకు భోజనం మేం పెడతాం సార్. ఒక్క రోజు కూడా తప్పనీయం. ఇంతకు ముందు మూడు రోజులు తప్పింది, నాదే తప్పు. దాంతోనే హాల్టు పోయింది."

ఆయన కళ్లద్దాలు తీసి నన్ను చూశాడు. "ఎవరు చెప్పినారమ్మా మీకు?"

ఆయన చెప్పగా గుమాస్తా పాత ఫైలు వెతికి తెచ్చాడు. ఆఫీసరు ఒక కాగితం నా వైపు తిప్పాడు. చాలా ఊళ్ల పేర్ల మధ్య మా ఊరి పేరు ఉంది. బస్సు ఆగిపోయిన తేదీ నేను మరచిపోయే తేదీ కాదు. కాగితం మీది తేదీ దానికి రెండు నెలల ముందరిది.

"ఆ ఏడు చాలా హాల్టులు ఒక్కసారే తీసేసినారమ్మా. కొత్త టైమింగ్సు వచ్చేదాకా నడిపింటారు. మీ ఊరి రూటులో జనం లేరని ముందునుంచీ రాసుంది చూడండి. అన్నం ఎవరు పెట్టినారో, ఎవరు పెట్టలేదో డిపోకు ఎట్ల తెలుస్తాది?"

హాల్టు మళ్లీ రాదన్నాడు. పొద్దున బస్సు గురించి పైకి రాస్తానన్నాడు. నేను లేచి దండం పెట్టి బయటికొచ్చాను.

బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. పదేండ్ల బరువు దిగింది గదా, ఏడుపు రావాలి, లేదా నవ్వు రావాలి. మొదట నిజంగానే తేలికైంది. నేను పోగొట్టలేదు. నా మూడు రోజులకూ బస్సుకూ సంబంధం లేదు. ఆ మాటను రెండోసారి అనుకునేసరికి దాని వెనకాలే ఇంకో మాట వచ్చింది. నా మూడు రోజులు బస్సును పోగొట్టలేదంటే, అమ్మ నాలుగేండ్లు దాన్ని నిలపనూ లేదు. ఆమె కోసిన కోళ్లు, తీసేసిన ఉల్లిగడ్డ, జ్వరంలో వణుకుతూ వండిన అన్నం, ఏదీ ఏ కాగితంలోనూ లేదు. ఇద్దరు మనుషుల ఆకలి తీరింది, అది నిజం. కానీ అమ్మ వండింది వాళ్ల ఆకలి కోసం మాత్రమే కాదు. నా ఉద్యోగం కోసం వండింది.

దారిలో ల్యాబుకు పోయి, చిన్నమ్మ కూతురికి ఏడింటికి రావడం కుదరదని చెప్పాను. యజమాని ముసలివాడయ్యాడు. "అయ్యో, సరేలేమ్మా," అన్నాడు. తిరుగు బస్సులో కండక్టరు నాకు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్లకు ఇప్పుడు ప్రయాణం ఉచితం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్న సామెత ఇట్లాంటి చోటనే పుట్టి ఉంటుంది. టికెట్టు అక్కర్లేదు, నిజమే. ఎక్కడానికి బస్సు ఏ గంటకు ఉందన్నది ఎవరూ అడగలేదు. మెయిన్ రోడ్డు దగ్గర దిగి నాలుగు కిలోమీటర్లూ నడిచాను. నడుస్తూ, ఇంటికి పోయి ఏం చెప్పాలో ఒక్కొక్క మాటా కూర్చుకున్నాను.

అమ్మ మంచం మీద కూర్చొని ఉంది. "ఏమన్నారు?"

"ఇప్పుడు రాదంట మా. అప్పుడు ఆ మూడు రోజులు అన్నం పెట్టకపోతేనే తీసేసినారంట. అంతకు ముందు ఆ అన్నంతోనే నిలిచిందంట."

అమ్మ నా వైపు తిరిగింది. పదేండ్ల నుంచి నేను భయపడిన మాట ఇప్పుడొస్తుందని తల వంచుకున్నాను. ఆమె నా చెయ్యి పట్టుకొని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నాకప్పుడే తెలుసు మ్మా. నీ మీద ఎప్పుడూ కోపం పెట్టుకోలే. నువ్వు గూడా ఒక్కపొద్దుతోనే ఉంటివి గదా." మళ్లీ తనే అంది. "పోతే పోయింది. నాలుగేండ్లు మాత్రం నిలబెట్టినా గదా?"

"నిలబెట్టినావు మా," అన్నాను.